అబ్బులు కొన్న పెద్ద సంచి

గోదావరి రెండు పాయల మధ్య ఉన్న చెరకులంకలో అబ్బులు అనే కొబ్బరికాయలు ఒలిచే కూలీ ఉండేవాడు. మనసు వెన్నే గానీ, ఎవరికి ఏం కావాలో వాళ్ళకంటే తనకే బాగా తెలుసనుకునేవాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అబ్బులు అడక్కుండానే పెట్టేవాడు. చిక్కల్లా అక్కడే వచ్చేది. ఒకసారి పక్కింటివాళ్ళ దడి ఒకచోట విరిగి ఉండటం చూసి, వాళ్ళు పొలం నుంచి వచ్చేలోపు కొత్త కర్రలు పాతి మూసేశాడు. తీరా చూస్తే అది వాళ్ళు గేదెను తోలుకు రావడానికి తీసిపెట్టుకున్న దారి. "అబ్బులు మేలు చేస్తానంటే భయమేస్తుందండి" అని లంకలో నవ్వుకునేవారు. కోప్పడేవారు మాత్రం కాదు. అతను చేసే పనిలో స్వార్థం గవ్వంత కూడా ఉండదని అందరికీ తెలుసు.

అతని భార్య ముత్యాలు. మేనమామ కూతురే. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడిపోయింది. చేతికర్ర ఊతంతో గట్టి నేల మీద అందరిలాగే చకచకా నడిచేది. బురదలో మాత్రం కర్ర దిగబడిపోయేది, కాలు నిలిచేది కాదు. అందుకని వానాకాలంలో ఇంటి మెట్టు దిగకుండా, అరుగు మీదే కూర్చుని కొబ్బరి ఈనెలతో చీపుళ్ళు కట్టి సంతకు పంపేది.

పెళ్ళయిన కొత్తలో ఆమె నేల మీద కూర్చుని వండటం చూసి అబ్బులు జాలిపడ్డాడు. ఆమె పుట్టింటికి వెళ్ళిన నాలుగు రోజుల్లో నడుమెత్తు గట్టు కట్టించి, పొయ్యి దానిమీద పెట్టించాడు. నిజానికి ముత్యాలుకి కూర్చుని వండుకోవడమే సుఖం. గంటసేపు ఒంటికాలి మీద నిలబడటమే కష్టం. ఆ మాట చెబితే అతని మొహం చిన్నబోతుందని నెల రోజులు కొంగలా నిలబడి వండింది. తర్వాత ఒకరోజు పొయ్యి మెల్లగా కిందికి దిగింది. గట్టు మీదికి చీపురుకట్టలు చేరాయి. అబ్బులు అదేమీ గమనించలేదు.

ఒక ఏడాది శ్రావణంలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. నీళ్ళు అరుగు దాకా రావడంతో పడవ ఏకంగా వాళ్ళ ఇంటి మెట్టు దగ్గరికే వచ్చి ఆగింది. ముత్యాలు మెట్టు మీంచి పడవలోకి ఒక్క అడుగు వేసింది, అంతే. కష్టమంతా ఆ తర్వాత వచ్చింది. ఏటిగట్టు అవతల ఉన్న బడిలో ఇరవై రెండు రోజులు తలదాచుకోవాల్సి వచ్చింది. దుప్పట్లలో కట్టి తెచ్చుకున్న మూటలు పడవలోనే తడిసి ముద్దయ్యాయి. మార్చుకోవడానికి పొడిబట్ట లేక ముత్యాలు రెండు రోజులు తడిచీరతోనే ఉంది. మూడోరోజుకి జ్వరం వచ్చింది. అబ్బులు ఆమె నుదుటి మీద చెయ్యి వేసి బడిగోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇంకోసారి వరదొస్తే ఈమె ఒంటిమీద తడిబట్ట ఉండనివ్వకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

మరుసటి ఏడు ఎండాకాలం చివర్లో అతను అమలాపురం వెళ్ళాడు. అక్కడ కరీముల్లా అనే పెద్దాయన వీపుకి తగిలించుకునే సంచులు కుట్టి అమ్మేవాడు. నలభై ఏళ్ళుగా అదే పని. నెల రోజులు ఇల్లు వదిలి ఉన్నా దేనికీ ఎవరినీ దేబిరించే పని లేనంత పెద్ద సంచి కావాలని, అది నీళ్ళలో నానకూడదని, తెగకూడదని అబ్బులు ఆయనతో చెప్పాడు.

కరీముల్లా మూడు సంచులు తెచ్చి ముందు పెట్టాడు. ఓపిగ్గా చూపించాడు. కుట్టు రెండు వరసలు ఉండాలన్నాడు. జిప్పు పళ్ళు లావుగా ఉండాలన్నాడు. భుజాల పట్టీలు వెడల్పుగా, మెత్తగా ఉంటేనే ఒరుసుకోవన్నాడు. నడుముకి బెల్టు ఎందుకంటే, బరువు భుజాలను లాగకుండా నడుం మీద కూర్చోవడానికని వివరించాడు. అన్నీ చెప్పి, మధ్య సైజు సంచిని ముందుకు జరిపాడు. అబ్బులు మాత్రం అన్నిటికంటే పెద్దదాని మీద చెయ్యి వేశాడు. నీలం రంగుది. తగిలించుకుంటే అతని తల దాటి పైకి వచ్చింది.

"ఈ సంచికి వంక లేదు నాయనా, దీని పట్టీ ఏనుగు లాగినా తెగదు" అన్నాడు కరీముల్లా. "కానీ ఖాళీ సంచి అందరి వీపుకీ నప్పుతుంది. నీతోపాటు ఎవరు వస్తారు?"

"మా ఇంటిదండి."

"అయితే ఆవిడని కూడా తీసుకురా. ఇందులో బరువు నింపి ఇద్దరూ కలిసి ఈ వీధి చివరిదాకా నడిచి చూడండి. అప్పుడు కొనుక్కో."

"ఆవిడకేం కావాలో నాకు తెలీదేంటండి" అని అబ్బులు నవ్వేశాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఎవరు మాత్రం ఎంతసేపు వాదిస్తారు? కరీముల్లా సంచి కట్టి ఇచ్చాడు.

ఆ మర్నాడంతా అబ్బులు సంచి సర్దాడు. పది కిలోల బియ్యం, పప్పు, చింతపండు, చిన్న స్టవ్వు, రెండు గిన్నెలు, దోమతెర, టార్చి, రగ్గు పెట్టాడు. ముత్యాలు చీరలు మూడింటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూతి బిగించాడు. ఆమె కాలికి రాసుకునే నూనె సీసా ఒలక్కుండా గుడ్డ చుట్టి మరీ పెట్టాడు. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, విడిగా కొన్న తన రక్తపోటు మాత్రలు అన్నిటికంటే అడుక్కి తోశాడు. అక్కడైతే నీళ్ళు తగలవని అతని లెక్క. ఆ సంచిలో ఉన్నవాటిలో ముప్పాతిక వంతు ముత్యాలు కోసమే. ఒక్కదాని గురించైనా ముత్యాలుని అడగలేదు.

ఆమె అరుగు మీద ఈనెలు చీరుతూ అంతా చూసింది. చివరికి అంది, "బావా, ఓసారి ఇది తగిలించుకుని నాతో రేవుదాకా నడువు."

"ఎందుకూ?"

"పోయినసారి పడవ మెట్టుదాకా వచ్చింది. ఈసారి రాకపోతే?"

"వస్తుంది. రాకపోతే నేను లేనా? నువ్వేం ఆలోచించకు, అన్నీ నేను చూసుకుంటా" అన్నాడు అబ్బులు. సంచి తగిలించుకుని వాకిట్లో మూడుసార్లు అటూ ఇటూ తిరిగి చూపించాడు. కొబ్బరి బస్తాలు మోసిన ఒళ్ళు కాబట్టి అది అతనికి పెద్ద బరువనిపించలేదు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి పట్టీలు లాగి చూసి మెచ్చుకుని వెళ్ళారు.

ముత్యాలు ఇంకో మాట అనబోయింది. అతని మొహంలో వెలుగు చూసి ఆ మాట మింగేసింది. అలా మింగేయడం ఆమె తప్పేనని నేనంటాను. కానీ ప్రేమ ఉన్నచోట ఇలాంటి తప్పులు జరుగుతూనే ఉంటాయి.

శ్రావణం మళ్ళీ వచ్చింది. ఒకరోజు పొద్దున్నే గోదావరి ఎర్రగా పొంగింది. ఈసారి వరద తీరు వేరుగా ఉంది. ముందురోజు గాలివానకి లంకలో చెట్లు పడిపోయాయి. దారిలో నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి. పడిన చెట్ల మధ్య, అంత తక్కువ నీళ్ళలో పడవ లోపలికి రాలేదు. జనమంతా వాళ్ళంతట వాళ్ళే రేవు దగ్గరికి వచ్చేయాలని, పడవలు అక్కడ ఉన్నాయని గట్టు మీంచి మైకులో చెప్పారు. రేవు అరకిలోమీటరు దూరం.

అబ్బులు సంచి ఎక్కించుకుని, నడుం బెల్టు బిగించి, ఛాతీ పట్టీ కూడా పెట్టుకున్నాడు. పట్టీలన్నీ సరిచూసుకుని బయలుదేరేసరికి మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. ముత్యాలు ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో అతని మోచెయ్యి పట్టుకుని మెట్టు దిగింది.

పది అడుగులు బాగానే పడ్డాయి. తర్వాత కర్ర సగందాకా బురదలో దిగబడింది. లాగితే చేతిలోంచి జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. అబ్బులు ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించబోయాడు. బలహీనమైన కాలు ప్రవాహానికి తేలిపోయింది. రెండు చేతులతో ఎత్తుకోబోయాడు. వీపుమీది బరువు అతన్ని వెనక్కి లాగింది. ఇద్దరూ కలిసి పడ్డారు.

అబ్బులు లేచేసరికి ముత్యాలు ఒక కొబ్బరిచెట్టు మొదలుని కావలించుకుని ఉంది. నీళ్ళు ఆమె నడుందాకా వచ్చాయి. ఎగువ నుంచి కొత్తనీరు వచ్చినట్టుంది, నీరు చూస్తుండగానే పెరుగుతోంది. అబ్బులు గబగబా ఆమె దగ్గరికి వెళ్ళి, ఆమెకు వీపు తిప్పి, నడుం వంచి, "నా వీపెక్కు" అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. చేతికి సంచి తగిలింది.

అబ్బులుకి అప్పుడు అర్థమైంది. దేవుడు మనిషికి ఒకటే వీపు ఇచ్చాడు. ఆ ఒక్క వీపునీ అతను బియ్యానికీ గిన్నెలకీ ఇచ్చేశాడు.

ఛాతీ పట్టీ ఊడదీశాడు. నడుం బెల్టు క్లిప్పులో ఇసుక చేరింది. ఎంత నొక్కినా ఊడలేదు. రెండు చేతులతో లాగాడు. సాయిబు గారు చెప్పింది అక్షరాలా నిజం, అది తెగే రకం కాదు. మొలలో ఉన్న చిన్న కత్తి తీసి బెల్టుని కోయడం మొదలుపెట్టాడు. కోస్తూ కోస్తూ ఏడ్చేశాడు.

"కంగారు పడకు బావా. నేను పట్టుకునే ఉన్నాను" అంది ముత్యాలు. అప్పటికే ఆమె చేతులు పాచి మీద జారిపోతున్నాయి. ఆ సంగతి చెప్పలేదు.

బెల్టు తెగింది. సంచి వీపు మీంచి జారి నీళ్ళలో పడి, ఒక చెట్టుకి కొట్టుకుని, పక్కకి తిరిగి వెళ్ళిపోయింది. అబ్బులు అటువైపు కూడా చూడలేదు. భార్యని వీపుకెత్తుకుని, ఆమె చేతులు తన మెడచుట్టూ వేసుకుని, చెట్టు చెట్టూ పట్టుకుంటూ రేవు చేరాడు. పడవవాళ్ళు ఇద్దరినీ లోపలికి లాగారు.

పడవ కదిలాక ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఏమయ్యేదోనన్న తలపు అతన్ని వదల్లేదు. ముత్యాలు మొహం చూడలేక తల వంచుకుని, నీకోసం సర్దినవన్నీ పోయాయని, కాగితాలు కూడా అందులోనే పోయాయని చెప్పాడు.

ముత్యాలు నడుముకి చుట్టుకున్న కొంగు విప్పింది. లోపల ప్లాస్టిక్ కవర్లో చుట్టి కట్టిన చిన్న పొట్లం ఉంది. అందులో రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, అతని రక్తపోటు మాత్రలు పొడిగా ఉన్నాయి.

"నువ్వు సర్దిన మర్నాడే తీసి దాచాను" అంది.

"ఎందుకు?"

"నీళ్ళొస్తే సంచి వదిలేసి నన్ను ఎత్తుకుంటావని నాకు తెలుసు బావా. నీకే తెలీదు."

అబ్బులు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టు చేరేదాకా వదల్లేదు.

మళ్ళీ అదే బడి. ఈసారి పద్దెనిమిది రోజులు. ఎవరినీ దేబిరించకూడదనుకున్నవాడు పళ్ళెం ఒకరి దగ్గర, దుప్పటి ఒకరి దగ్గర, ముత్యాలుకి చీర ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చాడు. అడగడం అలవాటు లేని నోరు కాబట్టి మొదట్లో మాట పెగల్లేదు. అతను దడి మూసేసిన పక్కింటివాళ్ళే అందరికంటే ముందు రగ్గు ఇచ్చారు. ఒక సాయంత్రం అతను ముత్యాలు పక్కన కూర్చుని, నీకు ముందే అంతా తెలిసి నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

"ఒకసారి చెప్పాను, నువ్వు వినలేదు" అంది ముత్యాలు. "రెండోసారి చెప్పాలి. చెప్పలేదు. నీ మొహం చిన్నబోతుందని ఊరుకున్నాను. పొయ్యి సంగతి కూడా అలాగే ఊరుకున్నాను."

"పొయ్యి సంగతేంటి?" అన్నాడు అబ్బులు.

ఆమె చెప్పింది. నెల రోజులు ఒంటికాలి మీద నిలబడి వండిన సంగతంతా చెప్పింది. అబ్బులు ఆమె ఎడమ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా ఒత్తాడు. ఒత్తడానికి ముందు, ఒత్తనా అని అడిగాడు.

ఇక అక్కడినుంచి అతనికి అడగడం ఒక పిచ్చిలా పట్టుకుంది. నీళ్ళు తాగుతావా, ఇటు తిరిగి పడుకుంటావా, కిటికీ మూయనా, తెరవనా అంటూ ప్రాణం తీశాడు. ఊపిరి పీల్చుకుంటావా అని కూడా అడుగుతావేమోనని ముత్యాలు నవ్వింది. కొత్తగా నేర్చుకున్న పని కదా, కొంచెం అతిగానే ఉంటుంది.

వరద తగ్గి, ఇల్లు కడుక్కుని, దసరా వెళ్ళాక ఇద్దరూ కలిసి అమలాపురం వెళ్ళారు. కరీముల్లా ఏమీ దెప్పలేదు. ముత్యాలుకి కుర్చీ వేసి సంచులు ఆమె ముందు పెట్టాడు. అబ్బులు పక్కన నిలబడి నోరు మెదపకుండా విన్నాడు. అతనికి అది ఎంత కష్టమో ఆ దుకాణంలో ముత్యాలుకి ఒక్కదానికే తెలుసు.

ఆమె మొదట క్లిప్పు చూసింది. ఒక బకెట్టు నీళ్ళలో ఇంత ఇసుక కలిపించి, క్లిప్పుని అందులో ముంచి, ఒక్క చేత్తో ఊడుతుందా లేదా అని పరీక్షించింది. రెండు రకాలు ఊడలేదు. మూడోది ఊడింది. ఆ క్లిప్పు ఉన్న సంచుల్లో మధ్య సైజుది ఒకటి అబ్బులుకని తీసింది. ఈ సంచిని ఛాతీవైపు తగిలించుకుంటే తనను ఎత్తుకోవడానికి అతని వీపు ఖాళీగా ఉంటుందని చెప్పింది. తర్వాత ఇంకో చిన్న సంచి చూపించి, "ఇది నాకండి" అంది.

నువ్వెందుకు మోయడం అని అబ్బులు నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "నువ్వు మోయగలవా?" అని అడిగాడు.

"నాకు కుంటిది కాలే గానీ వీపు కాదు" అంది ముత్యాలు.

ఏమేం పెట్టాలో అక్కడే మాట్లాడుకున్నారు. బియ్యం వద్దంది ముత్యాలు. బడిలో బియ్యం ఇస్తారు, మందులు ఇవ్వరు. గిన్నె ఒకటి చాలు. రగ్గు ఒకటి, పొడిబట్టలు ఇద్దరికీ రెండేసి జతలు. మాత్రలు, కాగితాలు ఎవరి దగ్గర ఉంటే మంచిదని అతను అడిగాడు. చేతికి అందేలా తన చిన్న సంచి పైజేబులో ఉంటాయంది. ఆ రెండు సంచుల్లో పట్టనిది ఏదీ తమకు నెల రోజులు అక్కర్లేదని తేలింది. పోయిన పెద్ద సంచిలోది సగానికి సగం అక్కర్లేనిదేనని అబ్బులు ఒప్పుకున్నాడు.

అప్పుడు రెండు సంచుల్లోనూ దుకాణంలోని గుడ్డపీలికలు, ఇనుప ముక్కలు తగినంత బరువు వచ్చేదాకా నింపారు. అబ్బులు ఒకటి ఛాతీకి తగిలించుకున్నాడు. ముత్యాలు తనది వీపుకి తగిలించుకుని అతని వీపెక్కింది. పట్టపగలు, అమలాపురం బజారు మధ్యలో, ఆ ఇద్దరూ అలా వెళ్ళారు. టీ కొట్టు దగ్గర జనం గ్లాసులు చేతుల్లో పట్టుకుని ఉండిపోయారు. ఎవరో ఈల కూడా వేశారు. అబ్బులు పట్టించుకోలేదు. నాలుగు దుకాణాలు దాటాక ఆగి, తల కొంచెం పక్కకి తిప్పాడు.

"ముత్యాలూ, నీకు పట్టు బాగుందా? ఇంకా పైకి జరగాలా?"

బడిలో ఎన్ని ప్రశ్నలు అడిగినా, తన బరువు మోస్తూ నడుమ ఆగి అడిగే ఇలాంటి మాట కోసమే ఆమె పెళ్ళయిన నాటినుంచీ ఎదురుచూసింది. కళ్ళు చెమర్చాయి. అబ్బులు తొందరపెట్టలేదు. ఆమె చెప్పేదాకా నడివీధిలో అలాగే నిలబడ్డాడు.

"కొంచెం పైకి, బావా" అంది చివరికి. అతను ఆమెను కొంచెం పైకి జరుపుకుని మళ్ళీ నడక మొదలుపెట్టాడు.

నీతి: మనవాళ్ళకోసం ఎంత బరువైనా మోయవచ్చు గానీ, ఆపదకు సంచి కట్టేముందే వాళ్ళకేం కావాలో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి.